కడిగితే పోయేవి కావు

పిల్లలూ! కరీంనగర్ నుండి జగిత్యాల వెళ్లే బస్సు ఎక్కి సుమారు 35 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే కొండగట్టు వస్తుంది. గుట్టమీద ఆంజనేయస్వామి గుడి ఉంది. చైత్ర పౌర్ణమికీ, వైశాఖ బహుళ దశమికీ అక్కడికి వచ్చే జనానికి లెక్కే ఉండదు. కాషాయం బట్టలు కట్టి, 41 రోజులు దీక్ష పట్టినవాళ్లు మాల విరమణ కోసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపుల నుండి నడిచి కూడా వస్తారు. దీక్ష ఉన్నన్నాళ్లూ ఆ ఇళ్లలో మాంసం వండరు. దీక్ష ముగిసి ఇల్లు చేరాక వచ్చే మొదటి ఆదివారం మాత్రం చాలా ఇళ్లలో కోడికూర వాసన వీధి చివరి దాకా వస్తుంది.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నాన్న పొద్దున్నే బజారుకు వెళ్లి కిలో కోడిమాంసం తెచ్చాడు. అమ్మ దాన్ని కుళాయి కింద పెట్టి, ఉప్పూ పసుపూ వేసి, నాలుగుసార్లు కడిగింది. పెద్ద ముక్కల్ని పీటమీద చిన్నవిగా కోసింది. పీటనూ కత్తినీ నీళ్లతో తొలిచింది. కూర పొయ్యిమీద గంటసేపు కుతకుత ఉడికింది. ఈలోగా అదే పీటమీద, అదే కత్తితో నంజుకోవడానికి ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసింది. అందరూ కడుపునిండా తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

బుధవారం నాడు చిన్న తమ్ముడికి జ్వరం వచ్చింది. కడుపునొప్పి, విరేచనాలు. "మంగళవారం బడి దగ్గర ఐసుఫ్రూటు తిన్నాడు, అందుకే ఇలా అయింది" అన్నారు ఇంట్లోవాళ్లు.

ఇప్పుడు మీరు పత్తేదారులు! తమ్ముడి జబ్బుకు కారణం ఏది? ఐసుఫ్రూటా? కోడికూరా? కుళాయి నీళ్లా? మరేదైనానా? తొందరపడి చెప్పకండి. ముందుగా అనుమానితుల్ని ఒక్కొక్కరినే పరిచయం చేసుకుందాం.

ఎవరీ కనిపించని జీవులు?

కోడి పేగుల్లో కోట్లకొద్దీ బాక్టీరియా నివసిస్తుంది. మన పేగుల్లోనూ అంతే. వీటిలో చాలా భాగం హానిచేయనివి. కానీ రెండు రకాలు మాత్రం కోడికి పెద్దగా బాధ కలిగించకుండా దాని పేగుల్లో హాయిగా కాపురం చేస్తూ, మనిషి కడుపులోకి వచ్చాయంటే అల్లరి మొదలుపెడతాయి. ఒకదాని పేరు సాల్మనెల్లా. రెండోదాని పేరు కాంపైలోబాక్టర్. కోడి చురుకుగా తిరుగుతూ, గింజలు తింటూ, చూడటానికి నిండు ఆరోగ్యంతో ఉంటుంది. అయినా దాని కడుపులో ఇవి ఉండవచ్చు. కాబట్టి కోడిని చూసి ఇవి ఉన్నదీ లేనిదీ చెప్పడం పశువైద్యుడికైనా సాధ్యం కాదు.

సాల్మనెల్లాను 1885లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు పందులలో కనుగొన్నాడు. అయితే పేరు మాత్రం ఆయన పైఅధికారి డేనియల్ సాల్మన్ గారిది పెట్టారు! సాల్మన్ గారు పశువైద్యుడు.

కాంపైలోబాక్టర్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది చాలా ఏళ్లపాటు డాక్టర్లకు దొరకకుండా తప్పించుకు తిరిగింది. ఎందుకో తెలుసా? ప్రయోగశాలల్లో రోగుల నుండి తీసిన నమూనాలను మామూలు గాలిలో, 37 డిగ్రీల వేడిలో పెంచుతారు. అది మన ఒంటి వేడి. కోడి ఒంటి వేడి మాత్రం 41, 42 డిగ్రీలు ఉంటుంది. కోడి పేగుల్లో గాలి కూడా తక్కువే. అక్కడ అలవాటుపడ్డ ఈ బాక్టీరియాకు ఎక్కువ వేడి, తక్కువ ఆక్సిజన్ కావాలి. ఈ రహస్యం తెలియక దాన్ని ఎవరూ పెంచలేకపోయారు. 1972లో బెల్జియం దేశపు శాస్త్రజ్ఞులు దాన్ని రోగుల మలం నుండి వేరుచేయగలిగారు. 1977లో ఇంగ్లండులో స్కిర్రో అనే డాక్టరు దాన్ని సులువుగా పెంచే పద్ధతి ప్రకటించాడు. ఆ తరువాతే దేశదేశాల ప్రయోగశాలల్లో అది బయటపడసాగింది. వెతికిన ప్రతిచోటా కనిపించింది!

ఎన్ని క్రిములు ఒంట్లోకి వెళ్తే జబ్బు చేస్తుంది? ఇది తెలుసుకోవాలని బ్రిటన్‌లో రాబిన్సన్ అనే డాక్టరు సాహసం చేశాడు. సుమారు 500 కాంపైలోబాక్టర్లను పాలలో కలుపుకొని తానే తాగేశాడు! ఆయనకు జబ్బు చేసింది. ఆ సంగతి 1981లో వైద్యపత్రికలో ప్రచురించాడు. (మీరెవరూ ఇలాంటి పని చేయకండి!) 500 అంటే మనకు పెద్ద సంఖ్యలా అనిపిస్తుంది. కానీ కోడి పేగుల్లో ఉండే ఒక్క గ్రాము పదార్థంలో ఇవి పది లక్షలకు పైగా ఉండవచ్చు. కంటికి కనిపించని ఒక చిన్న తుంపర చాలు, ఆ 500 మనదాకా రావడానికి.

దుకాణంలో ఏం జరుగుతుంది?

పేగుల్లో ఉన్న క్రిములు మాంసం మీదికి ఎలా వస్తాయి? కండ లోపలి భాగంలో మామూలుగా క్రిములు ఉండవు. అవి ఉండేది పేగుల్లో, ఈకల మీద, తోలు మీద, కాళ్లకు అంటిన పెంటలో. కోడిని కోసి శుభ్రం చేసే దారిలోనే అవి మాంసానికి అంటుకుంటాయి.

ఈసారి నాన్నతో కోడిమాంసం దుకాణానికి వెళ్లినప్పుడు జాగ్రత్తగా గమనించండి. ముందు వరుసలో ఇనుప జాలీల పెట్టెల్లో కోళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. పైపెట్టెలోని కోడి రెట్ట కిందిపెట్టెలోని కోడి మీద పడుతుంది. కోసిన కోడిని ఒక డ్రమ్ములో వేస్తారు. ఆ డ్రమ్ములో అంతకుముందు పది కోళ్లు గిలగిల కొట్టుకొని ఉంటాయి. తరువాత ఈకలతో సహా తోలు వొలిచేస్తారు. ఆ చేతులే లోపలి మాంసాన్ని పట్టుకుంటాయి. తోలు ఉంచమంటే వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతారు. ఒకే వేడినీళ్లలో కోడి తరువాత కోడి మునుగుతుంది. పొట్ట చీల్చి పేగులు తీసేటప్పుడు, కందనకాయ, కార్జం వేరుచేసేటప్పుడు పేగు ఏ కొంచెం తెగినా లోపలి పదార్థం మాంసానికి పూసుకుంటుంది. చివరికి మొద్దుమీద పెట్టి ముక్కలు కొడతారు.

సిరిసిల్లలో మరమగ్గం చూసిన పిల్లలకు నాడె తెలుసు కదా! అది ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూ ఒక్కో పోగునూ నేతలో కలుపుతూ పోతుంది. దుకాణంలో కత్తి కూడా అలాంటిదే. మొద్దుమీదికి, మాంసంలోకి, మళ్లీ మొద్దుమీదికి తిరుగుతూ మొదటి కోడి మీది క్రిముల్ని పదో కోడికి చేరవేస్తుంది. ఆ కత్తిని తుడిచే గుడ్డ ఉంటుంది చూడండి, అది పొద్దుటి నుండి అదే గుడ్డ అయితే శుభ్రం చేయడానికి బదులు అన్నిటికీ సమానంగా పంచిపెడుతుంది! డబ్బులు తీసుకొనే చెయ్యి, మాంసం కోసే చెయ్యి ఒకటే అయితే మీకు తిరిగి ఇచ్చే చిల్లర మీదికి కూడా అవి వస్తాయి.

ఇలా అన్నంత మాత్రాన దుకాణంవాణ్ణి తిట్టిపోయవద్దు. చల్లబరచే యంత్రాలతో నడిచే పెద్ద కర్మాగారాల నుండి వచ్చే మాంసం మీద కూడా ఈ క్రిములు ఉంటాయి. అమెరికా, ఐరోపా దేశాల్లోనూ ఇది తీరని సమస్యే. దుకాణం శుభ్రంగా ఉంటే క్రిములు తగ్గుతాయి. అంతేగాని పచ్చిమాంసం మీద ఒక్క క్రిమి కూడా లేకుండా చేయడం చాలా కష్టం. కాబట్టి ఇంటికి వచ్చిన ప్రతి పచ్చి కోడిమాంసం మీదా అవి ఉన్నాయనే అనుకొని మెలగాలి. ఇదే మొదటి సూత్రం.

ఒకటి రెండై, రెండు నాలుగై...

సాల్మనెల్లాకు తిండి, తేమ, వెచ్చదనం దొరికితే సుమారు 20 నిమిషాలకు ఒకసారి ఒక్కొక్కటి రెండుగా చీలుతుంది. కాగితం, పెన్సిలు తీసుకొని లెక్కకట్టండి. ఒక్క బాక్టీరియంతో మొదలుపెడదాం. గంటకు మూడుసార్లు రెట్టింపు. అంటే గంటకు 8. రెండు గంటలకు 64. మూడు గంటలకు 512. ఆరు గంటలకు ఎంతో తెలుసా? 2,62,144! లక్షల సైన్యం పుట్టడానికి ఒక్క పూట చాలునన్నమాట.

దానికి బాగా నచ్చే ఉష్ణోగ్రత 35 నుండి 43 డిగ్రీలు. మే నెలలో జగిత్యాల ప్రాంతంలో ఎండ ఎంత ఉంటుంది? కొన్ని రోజుల్లో 45 డిగ్రీలు కూడా దాటుతుంది. పొద్దున 7 గంటలకు కొన్న మాంసాన్ని సంచిలో పెట్టి, మోటారు సైకిలుకు తగిలించి, దారిలో చుట్టాలను పలకరించి, పదింటికి ఇంటికి చేరితే ఆ సంచి క్రిములకు పెంపకపు పెట్టెలా పనిచేసినట్లే. అందుకే మిగతా బజారు పనులన్నీ అయ్యాక చివరగా మాంసం కొని, నేరుగా ఇంటికి రావాలి. గాలి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటిన రోజున పచ్చిమాంసాన్ని గంటకు మించి బయట ఉంచరాదు.

ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు చల్లదనంలో సాల్మనెల్లా దాదాపు పెరగదు. కాని చావదు, నిద్రపోతుంది. కాంపైలోబాక్టర్ సంగతి వేరు. అది 30 డిగ్రీలకు దిగువన పెరగనే పెరగదు. అయితే ఏం? దానికి పెరగవలసిన పనేలేదు. కొన్ని వందలు చాలునని రాబిన్సన్ గారు ముందే చూపించాడు కదా!

కడిగితే ఏమవుతుంది?

"బాగా కడుగుతాంగా! ఇంకా క్రిములెక్కడివి?" అని మీరడగవచ్చు. ఇక్కడే అసలు చిక్కు ఉంది.

2019లో అమెరికా వ్యవసాయశాఖ ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించింది. కొందరిని పిలిచి వంటగదిలో కోడితొడలు వండమన్నారు, పక్కనే పచ్చి ఆకుకూర సలాడు కూడా చేయమన్నారు. ఆ తొడల మీద హానిచేయని ఒక రకం బాక్టీరియాను ముందుగానే పూసి ఉంచారు. అది తరువాత ఎక్కడెక్కడ దొరుకుతుందో చూడాలన్నది ఉద్దేశం. దొంగ అడుగుజాడలు తెలియడానికి నేలమీద సుద్దపొడి చల్లినట్లన్నమాట.

ఫలితం ఏమిటంటే, మాంసాన్ని కడిగినవాళ్లలో నూటికి 60 మంది తొట్టిలో ఆ బాక్టీరియా దొరికింది. తొట్టిని శుభ్రం చేశామనుకున్న తరువాత కూడా నూటికి 14 మంది తొట్టిలో అది మిగిలే ఉంది. కడిగినవాళ్లలో నూటికి 26 మంది సలాడు ఆకుల మీదికి అది చేరిపోయింది! ఇంకో ముఖ్యమైన సంగతి వినండి. అసలు కడగనివాళ్లలో కూడా నూటికి 31 మంది సలాడులో అది కనిపించింది. అంటే నీటి తుంపరలది ఒక దారి అయితే, సబ్బుతో కడుక్కోని చేతులది మరో దారి. కడగడం మానేసినంత మాత్రాన చాలదు. చేతుల్ని, పీటను, కత్తిని మరిచిపోతే అంతా వృథాయే.

ఈ మాట నమ్మడం కష్టంగా ఉందా? అయితే మీరే ప్రయోగం చేసి చూడండి. దీనికి మాంసం అక్కరలేదు.

మీ ప్రయోగం

కావలసినవి: ఒక బంగాళాదుంప, చెంచాడు పసుపు, నాలుగు చుక్కల నూనె, తెల్లకాగితాలు పది, ఒక చెంబు నీళ్లు, లోతైన గిన్నె ఒకటి.

పసుపులో నూనె కలిపి బంగాళాదుంపకు పూయండి. అదే మన కోడి! పసుపే క్రిములు. దుంపను పళ్లెంలో పెట్టి చుట్టూ నేలమీద తెల్లకాగితాలు పరవండి. ఇప్పుడు జానెడు ఎత్తునుండి చెంబుతో నీళ్లు ధారగా పోయండి. కాగితాల మీద పడ్డ పసుపు చుక్కల్ని లెక్కపెట్టండి. కాగితాలు మార్చి, దుంపకు మళ్లీ పసుపు పూసి, ఈసారి మూడు జానల ఎత్తునుండి పోయండి. ధార ఎత్తు పెరిగితే తుంపరలు ఎంత దూరం పోతున్నాయో కొలవండి. మూడోసారి, గిన్నెలో నీళ్లు నింపి దుంపను మెల్లగా ముంచి చేత్తో తిప్పండి. ఇప్పుడు కాగితాల మీద ఎన్ని చుక్కలున్నాయి?

చివరగా మీ చేతులు చూసుకోండి. గోళ్ల సందుల్లో పసుపు ఉందా? ఒట్టి నీళ్లతో కడగండి. పోయిందా? సబ్బు పెట్టి 20 లెక్కించేదాకా రుద్ది కడగండి. ఇప్పుడు? పసుపు కంటికి కనిపిస్తుంది కాబట్టి తెలిసింది. క్రిములు కనిపించవు. అంతే తేడా.

మరి మాంసానికి ఈకలు, ఎముక పొడి, నెత్తురు గడ్డలు అంటుకొని ఉంటే ఏం చేయాలి? వాటిని చేత్తో తీసేయండి, లేదా కాగితంతో అద్దండి. తప్పనిసరిగా కడగాలంటే కుళాయి ధార కింద పెట్టకుండా లోతైన గిన్నెలో నీళ్లుపోసి మెల్లగా ముంచి తీయండి. ఆ నీళ్లు చిందకుండా పారబోసి, గిన్నెను, తొట్టిని, చేతుల్ని సబ్బుతో శుభ్రం చేయండి. పక్కన తాగే నీళ్ల బిందె, కూరగాయలు, కడిగి బోర్లించిన పళ్లేలు లేకుండా ముందే సర్దండి.

ఉప్పు, పసుపు, నిమ్మరసం

"పసుపు క్రిముల్ని చంపుతుంది కదా!" అని నాయనమ్మ అంటుంది. ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థానికి కొన్ని బాక్టీరియాలను అణచే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. కాని కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు. మాంసానికి పూసి రెండు నిమిషాల్లో కడిగేస్తే అది ఏం చేయగలదు?

ఉప్పు క్రిముల శరీరంలోని నీటిని లాగేసి వాటిని అణుస్తుంది. ఎండుచేపలు, ఊరగాయలు చెడిపోకుండా ఉండేది ఇందుకే. కానీ దానికి ఉప్పు చాలా కావాలి, రోజులకొద్దీ సమయం కావాలి. కూరకు వేసే గుప్పెడు ఉప్పు సరిపోదు. నిమ్మరసంలోని పులుపు పైపైన ఉన్న క్రిములను కొంత తగ్గించవచ్చు. కానీ మాంసం నున్నటి గాజుపలక కాదు. మడతలు, సందులు, పొరలు ఉంటాయి. క్రిములు వాటిలో దాక్కుంటాయి.

అందుచేత ఇవి రుచికి మంచివి, వాసన పోగొట్టడానికి మంచివి. క్రిముల్ని చంపే పనికి మాత్రం వీటిని నమ్ముకోకూడదు.

మంట ముందు ఎవరూ నిలవరు

మరి నమ్ముకోదగినది ఏది? మంట! గుడ్డును ఉడికిస్తే నీళ్లలా ఉన్న తెల్లసొన గట్టిపడుతుంది కదా! మళ్లీ చల్లారబెట్టినా అది వెనక్కి రాదు. అందులోని ప్రోటీన్లు వేడికి రూపు మారిపోయాయి. బాక్టీరియా శరీరంలో కూడా ప్రోటీన్లే పనులన్నీ చేస్తాయి. వేడి తగలగానే అవి కూడా అలాగే రూపు చెడిపోతాయి. పని చేసే యంత్రాలన్నీ ఒక్కసారిగా విరిగిపోతే కర్మాగారం మూతబడినట్లు, బాక్టీరియం చచ్చిపోతుంది.

ముక్క నడిమధ్య భాగం 74 డిగ్రీల వేడికి చేరితే చాలు, ఈ క్రిములు బతకవు. మన కోడికూర పులుసు 100 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉడుకుతుంది. కాబట్టి మన ఇళ్లలో వండే కూర, పచ్చిమాంసంతో పోల్చితే ఎంతో సురక్షితం. చిక్కు వచ్చేది నిప్పులమీద కాల్చిన ముక్కలతోనూ, పెద్దమంటమీద గబగబా వేయించిన కాళ్లతోనూ. పైన మాడి ఎర్రగా కనిపిస్తుంది, లోపల ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. లావుపాటి ముక్కను ఎముకదాకా విప్పి చూడండి. లోపల గులాబీరంగు, ఎర్రని రసం ఉంటే మళ్లీ పొయ్యి ఎక్కించవలసిందే. రంగు ఒక్కటే పూర్తి సాక్ష్యం కాదు. వంటకు వాడే ఉష్ణమాపకం దొరికితే అదే సరైన సాక్షి.

ఉడికిన కూరను కూడా పొద్దుటి నుండి రాత్రిదాకా బయట ఉంచకండి. గాలిలోంచో, గరిటెలోంచో కొత్త క్రిములు చేరి మళ్లీ 8, 64, 512 లెక్క మొదలుపెడతాయి. రెండు గంటల లోపు చిన్న గిన్నెల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేదాకా మరిగించాలి.

మందులకు లొంగని క్రిములు

ఇక్కడ ఒక తెలుగు శాస్త్రజ్ఞుణ్ణి తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి. ఆయన నాయకత్వంలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది. అనేక రకాల క్రిముల్ని చంపే ఆ మందు ఎందరి ప్రాణాలనో నిలిపింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ సంవత్సరం చివర అదే సంస్థలో థామస్ జూక్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేతలో కలిపి పెట్టాడు. అవి మామూలుకంటే త్వరగా బరువెక్కాయి! ఇంకేముంది? దేశదేశాల కోళ్లఫారాల్లో మేతతోపాటు మందు పెట్టడం అలవాటైపోయింది. కోళ్లకు జబ్బు లేకపోయినా మందే.

దీనివల్ల నష్టమేమిటి? కొద్దికొద్దిగా మందు తగిలితే బలహీనమైన క్రిములు చస్తాయి. ఆ మందును తట్టుకోగలిగినవి బతికి, వాటి సంతానమే పెరుగుతుంది. రేపు అలాంటి క్రిమి మనిషికి జబ్బు చేస్తే డాక్టరు ఇచ్చిన మందు పనిచేయదు. కొలిస్టిన్ అనే మందును మిగతా మందులేవీ పనిచేయనప్పుడు ఆఖరి ఆయుధంగా వాడతారు. దానికి లొంగని లక్షణాన్ని ఒక బాక్టీరియా నుండి మరొకదానికి అందించే జన్యువు ఒకటి చైనాలో పందుల్లో, కోడిమాంసంలో, రోగుల్లో ఉన్నట్లు 2015లో బయటపడింది. శాస్త్రజ్ఞులు ఉలిక్కిపడ్డారు. బరువు పెరగడానికి మేతలో మందు కలపడాన్ని ఐరోపా దేశాల కూటమి 2006 నుండే నిషేధించింది. మన దేశం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

ఇది మనకు చిన్న సంగతి కాదు. 2019 పశుగణనలో ఒక్క తెలంగాణలోనే సుమారు 8 కోట్ల కోళ్లు లెక్కకు వచ్చాయి. అన్ని కోట్ల కోళ్లకు ఏ మందు, ఎంత, ఎందుకు ఇస్తున్నామన్నది మన ఇళ్లలోని పసిపిల్లల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. కోరుట్లలో ఉన్న పశువైద్య కళాశాల వంటి చోట్ల చదివి వచ్చే డాక్టర్ల పని పశువులకు వైద్యం చేయడం ఒక్కటే కాదు. మాంసం, పాలు మనకు హాని చేయకుండా చూడటం కూడా వారి విద్యలో భాగమే. మీలో ఎవరైనా పెద్దయ్యాక ఆ పని చేయవచ్చు.

ఒక ఊరట ఉంది. మందుకు లొంగని క్రిమి అయినా మంటకు లొంగుతుంది!

పత్తేదారు తీర్పు

ఇక తమ్ముడి సంగతికి వద్దాం. కాంపైలోబాక్టర్ ఒంట్లో చేరిన రెండు నుండి ఐదు రోజులకు జబ్బు బయటపడుతుంది. సాల్మనెల్లా కొన్ని గంటల నుండి ఆరు రోజుల వరకూ సమయం తీసుకుంటుంది. అందువల్లనే బుధవారం జబ్బు చేస్తే అందరూ మంగళవారం తిన్నదాన్ని అనుమానిస్తారు. ఆదివారాన్ని ఎవరూ గుర్తుచేసుకోరు. ఐసుఫ్రూటు మీద అనుమానం పూర్తిగా పోలేదు కాని, అతి బలమైన అనుమానం దేనిమీద? కూర మీద కాదు. అది గంటసేపు ఉడికింది. పచ్చిమాంసం కోసిన పీటమీద, అదే కత్తితో కోసి, ఉడికించకుండా తిన్న ఉల్లిపాయ ముక్కల మీద! పీటను నీళ్లతో తొలిచారే గాని సబ్బు పెట్టలేదు, గుర్తుందా? అందరూ తిన్నా తమ్ముడికే జబ్బు చేయడంలో వింత లేదు. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులు, ఇతర జబ్బులున్నవాళ్లు ముందుగా పడిపోతారు.

చాలామందికి ఇది వారంలోగా తగ్గిపోతుంది. కాని అందరికీ కాదు. కలుషితాహారం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 60 కోట్ల మంది జబ్బుపడుతున్నారనీ, 4,20,000 మంది చనిపోతున్నారనీ, అందులో 1,25,000 మంది ఐదేళ్లలోపు పిల్లలేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. అరుదుగా కాంపైలోబాక్టర్ జబ్బు తగ్గాక కాళ్లుచేతులు చచ్చుబడే గిలన్-బారీ అనే వ్యాధి కూడా వస్తుంది. 2025 జనవరిలో పుణె నగరంలో ఈ వ్యాధి ఎందరికో వచ్చినప్పుడు కొందరు రోగుల్లో కాంపైలోబాక్టర్ దొరికింది. అక్కడ అనుమానం ముఖ్యంగా కలుషితమైన నీటిమీదికి పోయింది. క్రిమికి దారి ఏదైనా ఒకటే!

విరేచనాలు పట్టుకుంటే ఒంట్లోని నీరు, లవణాలు పోతాయి. ప్రాణానికి ముప్పు తెచ్చేది అదే. వెంటనే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద రాసినంత నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. నెత్తురు పడినా, జ్వరం ఎక్కువైనా, పిల్లవాడు మందకొడిగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. మిగిలిపోయిన పాత మాత్రలు సొంతంగా వేయకూడదు.

ఇక మీ పని

వచ్చే ఆదివారం వంటగదికి మీరే తనిఖీ అధికారి. ఈ ఐదూ చూడండి:

1. దుకాణంలో కళ్లు తెరిచి చూడండి. మొద్దు, కత్తి, నీళ్లు, గుడ్డ శుభ్రంగా ఉన్నాయా? ఈగలు ముసురుతున్నాయా? అప్పుడే కోసిన మాంసమేనా? శుభ్రంగా ఉంచే దుకాణాన్నే ఎంచుకోమని నాన్నతో చెప్పండి.

2. మాంసానికి వేరే సంచి. కూరగాయలు, పండ్లతో కలపవద్దు. ఫ్రిజ్‌లో మూతగిన్నెలో, కింది అరలో పెట్టాలి. పై అరలో పెడితే నీళ్లు కారి కిందివాటిమీద పడతాయి.

3. ఉల్లిపాయలు, నిమ్మకాయలు, కొత్తిమీర ముందు కోసి మూతపెట్టండి. మాంసం ఆఖరున కోయాలి. వీలైతే మాంసానికి వేరే పీట, వేరే కత్తి ఉంచండి.

4. పచ్చిమాంసం ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పీట, కత్తి, తొట్టి సబ్బుతో రుద్ది వేడినీళ్లు పోయాలి.

5. ముక్క లోపలి దాకా ఉడకాలి. మిగిలినది రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ఈ పనుల్లో ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది ఒక సబ్బుబిళ్ల, కాస్త క్రమం. అమ్మ మాంసం కోయబోతుంటే, "అమ్మా, ముందు ఉల్లిపాయలు నేను ఒలిచిపెడతాను" అని చెప్పి చూడండి. ఆమె కూడా సంతోషిస్తుంది. క్రిముల దారి కూడా మూసుకుపోతుంది!